అసత్తు నుంచి సత్తు పుట్టగలదా?

ప్రశ్న:
సృష్టికి ముందు సత్తూ (ఉన్నది) లేదు, అసత్తూ (లేనిది) లేదు అంటుంది ఋగ్వేదం పదో మండలంలోని నాసదీయ సూక్తం. మొదట అసత్తే ఉండేదనీ దాని నుంచే సత్తు పుట్టిందనీ తైత్తిరీయోపనిషత్తు చెబుతుంది. ఛాందోగ్యోపనిషత్తు ఆరో అధ్యాయంలో ఉద్దాలకుడనే ఋషి తన కొడుకు శ్వేతకేతువుకు బోధిస్తూ అదే మాటను కొందరి అభిప్రాయంగా ఎత్తుకొని, అసత్తు నుంచి సత్తు ఎలా పుడుతుందని అడిగి తోసిపుచ్చుతాడు. మూడింటినీ పక్కపక్కన పెట్టి చదివితే పొంతన కుదరడం లేదు. విశ్వం శూన్యం నుంచి పుట్టి ఉండవచ్చని కొందరు భౌతికశాస్త్రవేత్తలు అంటున్నారు కదా, అది ఉద్దాలకుడి ఆక్షేపణకు జవాబు అవుతుందా?

మొదటి సమాధానం:
చిక్కంతా ‘అసత్తు’ అనే మాటలో ఉందండీ. తైత్తిరీయ వాక్యంలో అసత్తంటే బొత్తిగా లేనిది కాదనీ, నామరూపాలు ఇంకా విడివడని బ్రహ్మమేననీ శంకరాచార్యులు భాష్యం చెప్పారు. ఇది ఉపనిషత్తులను ఒక్కతాటి మీదికి తెచ్చేందుకు చేసిన సర్దుబాటని నాకూ ఒకప్పుడు అనిపించేది. అయితే ఛాందోగ్యంలోనే కాస్త ముందుకు వెళితే మర్రిపండు ఘట్టం వస్తుంది. పండు తెప్పించి, పగలగొట్టించి, అందులోని ఒక గింజను చీల్పించి, ఏం కనిపిస్తోందని తండ్రి అడిగితే శ్వేతకేతువు ‘ఏమీ లేదు’ అంటాడు. నీకు కనిపించని ఆ సూక్ష్మం నుంచే ఇంత పెద్ద మర్రిచెట్టు నిలిచి ఉందంటాడు ఉద్దాలకుడు. కనిపించకపోవడం వేరు, లేకపోవడం వేరు. నువ్వులను ఆడితే నూనె వస్తుంది గానీ ఇసుకను ఆడితే రాదనే సాంఖ్యదర్శనంవారి సత్కార్యవాదమూ (కార్యం పుట్టకముందే కారణంలో ఉంటుందనే వాదం) ఈ దారిదే. పుట్టకముందు కుండ లేదని వాదించిన నైయాయికులు (న్యాయదర్శనంవారు) సైతం మట్టి అక్కర్లేదని అనలేదు.

రెండవ సమాధానం:
భౌతికశాస్త్రం సంగతి చెబుతాను. పదార్థపు ధనశక్తిని గురుత్వాకర్షణకు చెందిన ఋణశక్తి సరిగ్గా కొట్టేస్తే విశ్వపు మొత్తం శక్తి సున్నా అవుతుంది కనుక, శూన్యంలో కలిగిన ఒక క్వాంటం ఒడుదుడుకే (తనంతట తాను కలిగే హెచ్చుతగ్గు) ఈ విశ్వం కావచ్చని 1973లో భౌతికశాస్త్రవేత్త ఎడ్వర్డ్ ట్రయన్ ప్రతిపాదించాడు. కానీ ఆ శూన్యం క్వాంటం క్షేత్రాలు నిండిన చోటు, అంటే మర్రిగింజే. స్థలకాలాలు సైతం లేని స్థితి నుంచి టన్నెలింగ్ (మామూలుగా దాటలేని అడ్డంకిని క్వాంటం నియమాల వల్ల దాటిపోవడం) ద్వారా విశ్వం వెలువడవచ్చని 1982లో మరో భౌతికశాస్త్రవేత్త అలెగ్జాండర్ విలెంకిన్ లెక్క కట్టాడు. అక్కడ కూడా క్వాంటం నియమాలు వర్తించాలి. ఆ నియమాలు సత్తా, అసత్తా అని ఉద్దాలకుడు అడిగితే ఏ సమీకరణమూ జవాబివ్వదు.

మూడవ సమాధానం:
ఈ చర్చలోకి బౌద్ధ తాత్వికుడు నాగార్జునుడి శూన్యతను ఎవరూ లాగకుండా ముందే ఒక మాట. ప్రతీత్యసముత్పాదాన్నే (ప్రతిదీ ఇతర కారణాలపై ఆధారపడి పుట్టడాన్నే) శూన్యత అంటున్నామని తన గ్రంథం మూలమధ్యమకకారిక 24వ ప్రకరణంలో ఆయనే స్పష్టం చేశాడు. అది వస్తువులకు స్వతస్సిద్ధమైన స్వభావం లేదనడమే తప్ప, విశ్వానికి ముందున్న స్థితి గురించిన మాట కాదు.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలు. మర్రిగింజతో తైత్తిరీయ ఛాందోగ్యాలు కలిశాయి గానీ, సత్తును కూడా కాదంటున్న నాసదీయం ఇంకా విడిగానే నిలిచింది. ఆ ‘ఒక్కటి’ గాలి లేకుండానే తన శక్తితో శ్వాసించిందనే దాని రెండో మంత్రాన్ని పట్టుకొని అవ్యక్తమనే (ఇంకా బయటపడనిదనే) అర్థం చెప్పుకోవచ్చు. మరి, ఇదంతా ఎక్కడి నుంచి వచ్చిందో పరమ వ్యోమంలోని (అత్యున్నత ఆకాశంలోని) అధ్యక్షుడికి తెలుసునేమో, ఆయనకూ తెలియదేమో అనే చివరి మంత్రాన్ని భాష్యకారులు ఎలా సమన్వయించారు?