లీడ్స్‌లో కొత్త ఉద్యోగం: అబౌట్, నియర్లీ, క్వైట్ గురించి సాయం కావాలి

నమస్కారం అండీ. వచ్చే వారం ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో ఆఫీసులో చేరుతున్నాను. ఇక్కడివాళ్లు అబౌట్, నియర్లీ, క్వైట్, సార్టాఫ్ (sort of, ‘ఒకరకంగా’) అంటూ మాట్లాడుతుంటే ఏది ఎంతవరకో తేలట్లేదు.

జవాబు:
ముందు అంకెలు చూసుకోండి. అబౌట్, అరౌండ్, రఫ్లీ అటూ ఇటూ పోతాయి. ‘అబౌట్ ట్వంటీ’ అంటే 18 కావచ్చు, 22 కావచ్చు. నియర్లీ, ఆల్మోస్ట్ మాత్రం కిందికే. 21 మంది వస్తే ‘నియర్లీ ట్వంటీ’ అనకూడదు. ‘ట్వంటీ ఆడ్’ అంటే ఇరవై పైచిలుకు. అప్రాక్సిమేట్లీ రిపోర్టులో బాగుంటుంది, కబుర్లలో బిగుసుకుపోయినట్టు ఉంటుంది. ‘అబౌట్ 47’ అనకండి, వీటి పక్కన రౌండ్ ఫిగరే నప్పుతుంది.

మన నోట ‘టూ త్రీ డేస్’ అని వచ్చేస్తుంది. మధ్యలో ‘ఆర్’ (or, ‘లేదా’) పెట్టండి. లేకపోతే రెండని చెప్పి మూడుగా దిద్దుకున్నారనుకుంటారు.

మరో జవాబు:
అసలు చిక్కు క్వైట్‌తోనే. అమెరికాలో ‘క్వైట్ గుడ్’ అంటే చాలా బాగుందని. బ్రిటన్‌లో ఎక్కువగా ‘ఫరవాలేదు’ అని. వినేటప్పుడు ఒత్తు గమనించండి: క్వైట్ మీద పడితే మనసులో ఏదో వెలితి ఉన్నట్టే, గుడ్ మీద పడితే మెచ్చుకోలు పాలు ఎక్కువ. అదే క్వైట్ ‘రైట్’, ‘ఇంపాసిబుల్’ లాంటి మాటల ముందు వస్తే ‘పూర్తిగా’ అని అర్థం. ‘నాట్ క్వైట్’ అంటే ఇంకా కాలేదని. మీ పనిని మేనేజర్ ‘క్వైట్ గుడ్’ అంటే థాంక్స్ చెప్పి ఊరుకోకండి, ఏం మార్చాలో అక్కడే అడగండి.

అడిగినవారు:
చాలా థాంక్స్ అండీ. మరి ‘ఫ్రైడే ఆర్ సో’ అని మెయిల్‌లో రాయొచ్చా?

జవాబు:
గడువుకు వద్దండి. ‘ఎ వీక్ ఆర్ సో’ అంచనా చెప్పడానికి సరిపోతుంది. మాట ఇచ్చేటప్పుడు రోజు, వీలైతే టైమూ రాయండి. ‘సెవెనిష్’ (ఏడు ప్రాంతంలో) అనడం స్నేహితులతో భోజనానికి సరే, అపాయింట్‌మెంటుకి కాదు. ‘సార్టాఫ్ డన్’ అంటే కాలేదనే వింటారు. ‘ఆల్మోస్ట్ డన్’ అని, ఏం మిగిలిందో, ఎప్పటికి అవుతుందో కూడా చెప్పండి.

జీపీ (బ్రిటన్‌లో మామూలు జబ్బులకు ముందు చూసే డాక్టరు) దగ్గర నొప్పి ‘అబౌట్ త్రీ డేస్’ నుంచి అంటే చాలు. మందుల డోసు దగ్గర మాత్రం ఉజ్జాయింపు కూడదు, వాడుతున్న మందుల పెట్టెలే పట్టుకెళ్లి చూపించండి.