అప్లై చేయని లెండర్ పేరుతో హార్డ్ ఎంక్వైరీ (అమెరికా): తీయించొచ్చా?

ప్రశ్న: నేను అప్లై చేయని లెండర్ (అప్పిచ్చే సంస్థ) పేరుతో నా క్రెడిట్ రిపోర్ట్‌లో హార్డ్ ఎంక్వైరీ, అంటే అప్పు అప్లికేషన్ కోసం రిపోర్ట్ తీసి చూసినట్టు నమోదు, కనిపించింది. సంతకం పెట్టలేదు, అనుమతీ ఇవ్వలేదు. ఇది చట్టవిరుద్ధమేనా?

జవాబు 1: పేరు చూసి కంగారు పడకండి. కారు డీలర్ ఒకే అప్లికేషన్‌ని నలుగురైదుగురు లెండర్లకి పంపేస్తాడు. స్టోర్ కార్డు వెనక బ్యాంకు పేరు వేరే ఉంటుంది. సాఫ్ట్ ఎంక్వైరీ (మీరు అప్పుకి అప్లై చేయకుండానే రిపోర్ట్ చూడటం) అయితే వదిలేయండి, క్రెడిట్ స్కోర్ తగ్గదు.

జవాబు 2: సంతకం లేనంత మాత్రాన తప్పు కాదండీ, చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. ఎఫ్‌సీఆర్‌ఏ (క్రెడిట్ రిపోర్టుల మీద అమెరికా చట్టం) సెక్షన్ 604 చూసేది చట్టం ఒప్పుకునే అవసరం ఉందా లేదా అని. రాతపూర్వక అనుమతి తప్పనిసరయ్యేది ఉద్యోగం కోసం రిపోర్ట్ తీసినప్పుడు. ఏ అవసరంతో తీశారో చెప్పమని లెండర్‌కి సర్టిఫైడ్ మెయిల్ పంపండి, రసీదు దాచుకోండి. కావాలనే ఉల్లంఘించారని కోర్టులో తేలితే మీకు పరిహారంగా 100 నుంచి 1,000 డాలర్ల దాకా రావచ్చు.

జవాబు 3: ఎవరో మీ పేరుతో అప్లై చేశారనిపిస్తే ముందు మూడు క్రెడిట్ బ్యూరోల్లోనూ (ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, ట్రాన్స్‌యూనియన్) ఫ్రీజ్ పెట్టండి, అంటే కొత్త లెండర్లు మీ రిపోర్ట్ చూడకుండా ఆపించండి, ఉచితమే. ఆ తర్వాతే డిస్ప్యూట్, అంటే ఆ ఎంక్వైరీ తీసేయమని బ్యూరోకి ఫిర్యాదు.