గుర్రం పన్ను చూసి అది ఎక్కడ పుట్టిందో చెప్పగలరా?

ప్రశ్న: నిన్న గోల్కొండలో మా పాపకి, సుల్తానుల గుర్రాలు అరేబియా, పర్షియాల నుంచి ఓడల్లో వచ్చేవని చెబితే "ఎలా తెలుసు నాన్నా?" అంది. పాత ఎముకల్లో ఐసోటోపులు (ఒకే మూలకంలో బరువు తేడా ఉండే పరమాణువులు) చూసి కూడా చెప్పొచ్చట, నిజమేనా?

జవాబు 1: నిజమేనండీ, కానీ ఎముక కంటే పన్ను మేలు, పంటి పైపొర ఎనామిల్ గట్టిపడ్డాక ఇక మారదు. రాళ్లలోని స్ట్రాన్షియం అనే మూలకం మట్టిలోకి, గడ్డిలోకి, అక్కణ్ణుంచి పంటిలోకి చేరుతుంది. మన హైదరాబాద్ గ్రానైట్ దాదాపు 250 కోట్ల ఏళ్లది, అందులో స్ట్రాన్షియం-87 అనే ఐసోటోపు వాటా ఎక్కువ. వికారాబాద్ వైపు నల్లరాయి 6.6 కోట్ల ఏళ్లదే, అక్కడ తక్కువ. అందుకే పంటిలో ఆ వాటా చూస్తే ఎలాంటి నేల మీది గడ్డి మేసిందో తెలుస్తుంది.

జవాబు 2: గుర్రం దవడ పన్ను తయారవడానికి ఏళ్లు పడుతుంది. పైనుంచి కిందికి వరుసగా కొంచెం కొంచెం పొడి గీకి పరీక్షిస్తే, చిన్నప్పుడు ఏ నేల మేసిందో, ఆ పన్ను తయారయ్యే ఏళ్లలో ఎటు వెళ్లిందో బయటపడుతుంది! ఊరి పేరు రాదు, "ఇక్కడిది కాదు" అని మాత్రం గట్టిగా చెప్పొచ్చు.

ప్రశ్న అడిగినవారు: థాంక్సండీ, ఈ రాత్రికే పాపకి చెబుతాను.