‘చెయ్యి రాలేదు’ అందా, ‘చెయ్యి ఆడలేదు’ అందా?

గోరువంక: ఒక వాక్యం వారం రోజులుగా నన్ను వదలడం లేదు. చిన్నప్పుడు వేసవి సెలవుల్లో డిస్నీ బొమ్మల సినిమా స్నో వైట్ క్యాసెట్ పెడితే మాకు ఇంగ్లీషు అర్థమయ్యేది కాదు. పక్కన కూర్చుని ఆవకాయ ముక్కలు తుడుస్తూ అమ్మమ్మ తనకు తోచిన తెలుగులో కథ చెప్పుకుపోయేది. రాణి చంపమన్న రాకుమార్తె మీద వేటగాడు బాకు ఎత్తి ఆగిపోయే చోట ఆవిడ మాట ఇది: "ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంది, చెయ్యి ...లేదు అమ్మలూ." ఆ ఖాళీలో ‘రాలేదు’ అని నా జ్ఞాపకం. ‘ఆడలేదు’ అని మా చెల్లి పట్టు. అడుగుదామంటే అమ్మమ్మ లేదు. రెండూ ఒకటే అనుకుని ఊరుకోలేకపోతున్నాను. ఏది సరిపోతుందంటారు?

తాటాకు: ‘రాలేదు’ తప్ప ఇంకోటి కుదరదండీ. చెయ్యి రావడమంటే మనసు ఒప్పుకోవడం. పిసినారిని ‘పెట్టడానికి చెయ్యి రాదు’ అంటాం, వాడి చేతికి జబ్బేమీ లేదు. పాత పట్టుచీర చించాల్సి వస్తే మా ఆవిడ ‘చేతులు రావడం లేదు’ అంటుంది. చెయ్యగలిగి కూడా చెయ్యలేకపోవడం అది. కాళ్ళూ చేతులూ ఆడకపోవడం వేరు, అది కంగారు. వేటగాడిది కంగారంటే అతని దయంతా పోయినట్టే.

మిద్దెతోట: తాటాకు గారూ, ఆ సన్నివేశం ఒకసారి గుర్తు చేసుకోండి. రాణి హుకుం ఇచ్చినప్పుడే ‘చిన్న రాకుమార్తె కదా’ అని ఒక్క మాట అడ్డం వేస్తాడు. తప్పితే శిక్షేమిటో తెలుసుగా అనగానే తల వంచేస్తాడు. ఆనవాలుగా గుండె తెమ్మని పెట్టె ఇస్తుంది. అడవిలో ఆ పిల్ల ఒంటరిదైన పక్షిపిల్లను ఓదారుస్తుంటే అతని నీడ ఆమె మీద పడుతుంది, బాకు పైకి లేస్తుంది. అంటే చెయ్యి వచ్చిందనే కదా! వచ్చాకే ఆగింది, వణికింది, బాకు జారిపోయింది. చెయ్యి రానివాడు అంతదూరం ఎత్తడు. ‘ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంది’ అని అమ్మమ్మ గారు ముందే చెప్పేశారు, కాబట్టి తర్వాతి మాట ‘ఆడలేదు’ అయి తీరాలి. దయ కలిగాక కూడా మనిషికి చేతులు ఆడవు. భయానికొక్కదానికే ఆ మాట రాసివ్వలేం.

పాలపిట్ట: మా కరీంనగర్ దిక్కు ‘చెయ్యి ఆడుతలేదు’ అంటే చేతుల పైసలు లేవని. అమ్మమ్మ గారిది ఏ ఊరో చెప్తే సగం చిక్కు విడిపోతది.

గోరువంక: తెనాలి దగ్గర పల్లెటూరండీ.

మిద్దెతోట: అక్కడా డబ్బు ఇబ్బందికి ‘చెయ్యి ఆడటం లేదు’ అంటారు. చుట్టూ ఉన్న మాటలను బట్టే అర్థం.

తాటాకు: మిద్దెతోట గారు 1937 నాటి బొమ్మను పట్టుకుని వాదిస్తున్నారు. కథ అంతకంటే పాతది. గ్రిమ్ సోదరులు 1812లో అచ్చు వేసిన కథలో వేటగాడు కత్తి దూస్తాడు, పిల్ల ఏడుస్తుంది, అంత అందమైన పిల్ల కదా అని జాలిపడి వదిలేస్తాడు. ఎలాగూ అడవి మృగాలు తినేస్తాయిలే అనుకుంటాడు కూడా. అయినా తన చేత్తో చంపనక్కర్లేదని, తర్వాతి కూర్పుల్లో, గుండె మీది బండ దొర్లిపోయినట్టు అనిపిస్తుంది అతనికి. అక్కడ బరువంతా గుండె మీదే ఉంది. అందుకే ‘రాలేదు’ అంటున్నాను. అందులో రాణి అడిగేది ఊపిరితిత్తులు, కాలేయం. ఇతను అడవిపంది పిల్లను చంపి వాటిని పట్టుకెళ్తాడు. సినిమాలో గుండె అయింది, జంతువు మాత్రం పందిగానే మిగిలింది.

మిద్దెతోట: మీరే ఒప్పుకున్నారు. మృగాలు తింటాయిలే అనుకున్నవాడి దయ ఎంతని? సినిమాలో అతను మోకాళ్ళ మీద పడి ఆ పిల్లనే క్షమించమని అడుగుతాడు, పారిపొమ్మని తరుముతాడు. నాకు ఈయనే పెద్ద మనిషి. అమ్మమ్మ గారు చూసిందీ ఈయన్నే.

కలంకారి: నాదో చిన్న ప్రశ్న. అమ్మమ్మ గారు ‘వేటగాడు’ అనేవారా, ‘తలారి’ అనేవారా?

గోరువంక: తలారి! మీరు అడిగాక గుర్తొచ్చింది. "రాణి తలారిని పిలిచి" అనేది.

పాలపిట్ట: మన కథలల్ల ఎప్పుడూ తలారే కదా. తల నరికేటోడు తలారి.

కలంకారి: అది వినడానికి బాగుంటుంది కానీ, పాత రూపం ‘తలవరి’. ఇక్ష్వాకుల నాటి నాగార్జునకొండ శాసనాల్లో ‘మహాతలవర’ అని పెద్ద హోదా కనిపిస్తుంది. కన్నడంలో ‘తళవార’, అక్కడ ళకారం. తమిళంలో ‘తలైయారి’, ఊరి కావలివాడు. మన ఊళ్ళ తలారి కూడా కావలివాడే, నరికేవాడు కాడు. కావలి కాసేవాడి చేతికి కత్తి ఇచ్చి చంపమంటే రాకపోవడమే సహజం. ఈ లెక్కన నా ఓటు తాటాకు గారికి. ఆ ‘ల’ మొదట ‘ళ’యేనా అన్నది మాత్రం నాకు ఇప్పటికీ తీరని దాహం.

తాటాకు: ధన్యవాదాలు. తలారుల దయ అంటే చంద్రహాసుడి కథ చెప్పుకోకుండా ఎలా? దుష్టబుద్ధి అనే మంత్రి పసివాడైన చంద్రహాసుణ్ణి చంపమని పంపితే, వాళ్ళు జాలిపడి వాడి ఆరో కాలివేలు మాత్రం కోసి ఆనవాలుగా చూపిస్తారు. పందిగుండె కంటే ఎంత నయం! బిడ్డకున్న లోపం కూడా పోయింది. ఆ కథను పిల్లలమర్రి పినవీరభద్రుడి జైమిని భారతంలో చదవాలి.

మిద్దెతోట: సరస్వతినే ‘వాణి నా రాణి’ అన్నాయన!

తాటాకు: ఆ మాటను గర్వమని తీసిపారేస్తారు, నేను ఒప్పుకోను. అది చనువు. అంత చనువున్న కవి కాబట్టే కథలో అక్షరం విలువ తెలుసు. పెద్దయ్యాక అదే చంద్రహాసుడి చేతికి, తెచ్చినవాడికి ‘విషము’ ఇమ్మని ఉత్తరమిచ్చి పంపితే, దుష్టబుద్ధి కూతురు విషయ అందులో ఒక్క అక్షరం మార్చి ‘విషయ’ అని, తనను ఇమ్మన్నట్టు చేసేస్తుంది. మొదటిసారి తలారి చెయ్యి ఆగి బతికాడు, రెండోసారి ఒక్క అక్షరం వల్ల బతికాడు. మనం ఇక్కడ ఒక్క మాట కోసం ఇంతసేపు కూర్చోవడంలో తప్పేం లేదు.

పాలపిట్ట: చెయ్యి ఆగుడు అంటే నాకు ‘పుష్పవిలాపం’ రాసిన కరుణశ్రీయే యాదికొస్తడు. ‘గోరానెడు నంతలోన’. కొమ్మ వంచిండు, గోరు ఇంకా పువ్వుకు ఆనుతదనంగ, అంతల్నే ఆగింది. ఆ ‘ఆనెడు’ దగ్గర నా గుండె ప్రతిసారీ ఆగుతది. సినిమాల రాణి కూడా ఆ పిల్లను అడవిపూలు కోసుకునే చోటికే తీసుకపొమ్మంటది. పూల నడుమ ఎత్తిన చెయ్యి రెండు చోట్లా ఉన్నది.

కలంకారి: పాలపిట్ట గారూ, ఈ పోలిక నాకు తట్టనే లేదు. ఘంటసాల ఆ ‘ఆనెడు’ పలికిన తీరు వినండి, గోరు నిజంగా తగలదు.

మిద్దెతోట: అక్కడ కవి చెయ్యి రాలేదా, ఆడలేదా?

తాటాకు: రాలేదు.

పాలపిట్ట: రెండూ కాదు. పూలు అడిగినయి, అందుకే ఆగిండు. తలారి ఎవరూ అడగకుండనే ఆగిండు. ఆ పిల్ల వెనుకకు తిరిగేటప్పటికే బాకు లేచి ఉన్నది, బతిమాలడానికి టైం యాడిది?

గోరువంక: ఇప్పుడే మా పెద్దమ్మకు ఫోన్ చేశాను. నేనూ కాదు, చెల్లీ కాదట. అమ్మమ్మ అనేది ‘చెయ్యొప్పలేదు’ అని చెప్పింది. "ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంది, చెయ్యొప్పలేదు అమ్మలూ." మనసొప్పలేదు విన్నాను కానీ, ఇది ఎక్కడైనా విన్నారా?

తాటాకు: లేదు. పెద్దమ్మ గారిని ఇంకోసారి నెమ్మదిగా చెప్పించండి. ‘చెయ్యి రాలేదు, మనసొప్పలేదు’ అని రెండు మాటలు కలిసిపోయి ఉంటాయి.

మిద్దెతోట: వద్దండీ, అలాగే ఉంచండి. చెయ్యే ఒప్పుకోలేదట! అయితే ‘య్యొ’ దగ్గర ఆవిడ సాగదీసేవారా, కలిపేసేవారా? అది కూడా అడగండి.