బాబును బోనులు పెట్టడానికి పంపాలా? సౌత్ డకోటాలో తోకకు 10 డాలర్లు

సూఫాల్స్_నాన్న

అందరికీ నమస్కారం. మేము అమెరికాలో, సౌత్ డకోటా రాష్ట్రంలోని సూఫాల్స్‌లో ఉంటున్నాం. మా బాబుకి పదేళ్లు. వాడి క్లాస్‌మేట్ వాళ్ల తాతగారు ఊరి బయట మొక్కజొన్న, సోయా వేసే రైతు. ఏటా వసంతంలో మనవణ్ని వెంటబెట్టుకుని పొలం గట్ల మీద, వాగు ఒడ్డున బోనులు పెడతారు. చిన్నప్పుడు ఆయన్ని వాళ్ల నాన్న తీసుకెళ్లేవారట, తర్వాత ఆయన తన కొడుకును తీసుకెళ్లారు, ఇప్పుడు మనవడు. ఈసారి మా వాణ్ని కూడా పంపమన్నారు.

తెలియనివాళ్ల కోసం: 2019లో అప్పటి గవర్నర్ క్రిస్టీ నోయెమ్ ఇక్కడ ఒక పథకం మొదలుపెట్టారు. రకూన్, స్కంక్, ఒపోసమ్, బ్యాడ్జర్, ఎర్ర నక్క, ఈ ఐదు రకాల అడవి జంతువులూ ఫెజెంట్ (నేల మీద గడ్డిలో గూడు పెట్టే, కోడి లాంటి వేట పక్షి) గూళ్లలో గుడ్లు తినేస్తాయని, వాటిని పట్టి చంపి తోక తెచ్చి చూపిస్తే డబ్బులిస్తారు. తోకకు 10 డాలర్లు. మొదటి ఏడాదే 50,000కు పైగా తోకలొచ్చాయి. పిల్లల్ని ఇంట్లోంచి బయటకు తీసుకురావడం కూడా పథకం ఉద్దేశమే.

తాతగారు చాలా మంచి మనిషి. మా వాడు ఎగిరి గంతేస్తున్నాడు. మా ఆవిడ ససేమిరా అంటోంది. నాకు ఎటూ తేలడం లేదు. మీరేమంటారు?

కోనసీమ_రైతు

పంపండి అన్నా, ఆలోచించొద్దు. మా వైపు వరి కోతలప్పుడు ఎలుకలు పట్టడానికి యానాదులు కుటుంబాలతో వచ్చేవారు. కుండలో గడ్డి పెట్టి అంటించి, మూతిని కలుగుకు ఆనించి పొగ ఊదేవారు. పిల్లలు రెండో కన్నం దగ్గర కాపు కాసేవారు. కొత్తగా తోడిన మట్టి చూసి ఏ కలుగులో ఎలుక ఉందో ఏడెనిమిదేళ్ల పిల్లాడు చెప్పేసేవాడు. మాకు గింజ దక్కేది, వాళ్లకు కూలీ, కూర. అందులో తప్పేముంది?

మన పిల్లలు వారం వారం చికెన్ తింటారు, కోడిని కోస్తుంటే మాత్రం చూడలేరు. ప్రాణం పోవడమంటే ఏమిటో ఒక పెద్దాయన పక్కన ఉండి చూపిస్తానంటే అంతకంటే ఏం కావాలి? పైగా పరాయి దేశంలో ఒక రైతు మీ వాణ్ని మనవడితో సమానంగా రమ్మన్నాడు. కాదంటే ఆయన మనసు కష్టపడుతుంది.

ప్రైరీ_లక్ష్మి

నేను సౌత్ డకోటాలోనే బ్రూకింగ్స్‌లో వన్యప్రాణుల మీద చదువుకుని ఇక్కడే పని చేస్తున్నాను. నాకు వేట మీద వ్యతిరేకత లేదు. నాకు పేచీ ఈ పథకంతోనే. కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

ఫెజెంట్ చైనా నుంచి తెచ్చి వదిలిన పక్షి. ఇక్కడ మొదటి వేట సీజన్ 1919లో పెట్టారు, 1943లో రాష్ట్ర పక్షిని చేశారు. దాని వేటకు బయటి రాష్ట్రాల నుంచి వేలమంది వస్తారు కాబట్టి దాన్ని కాపాడుకోవాలనుకోవడం అర్థమవుతుంది. కానీ అది ఎందుకు తగ్గింది? గడ్డి పోవడం వల్ల. పొలం దున్నకుండా గడ్డికి వదిలేస్తే రైతుకు కేంద్రం అద్దె కట్టే పథకం ఒకటుంది. ఆ గడ్డి ఎక్కువగా ఉన్న 2007 ప్రాంతంలో పక్షులు కోటి దాటాయి. తర్వాత మొక్కజొన్న ధర పెరిగింది, గడ్డి దున్నేశారు. ఇప్పుడు చాలాచోట్ల మిగిలింది రోడ్డు పక్కన, కాలువ గట్టున సన్నటి పట్టీలే. మైళ్ల కొద్దీ గడ్డి ఉంటే రకూన్‌కి గూడు దొరకడం కష్టం. పట్టీలో అయితే వాసన పట్టుకుని ఈ చివర నుంచి ఆ చివరకు నడిస్తే చాలు, అన్ని గూళ్లూ దానివే.

ఇక చంపితే తగ్గుతాయా? ఒకే చోట, గూళ్ల కాలమంతా రోజూ వదలకుండా పడితే ఆ చుట్టుపక్కల గూళ్లు బతుకుతాయి, అది నిజమే. రాష్ట్రమంతా అక్కడొకటి ఇక్కడొకటి పడితే మాత్రం ఖాళీ అయిన చోటికి పక్క రకూన్ వచ్చేస్తుంది. ఇంకో సంగతి. 1990ల మొదట్లో నార్త్, సౌత్ డకోటా రెండింటిలోనూ బాతు గూళ్లను లెక్కపెట్టారు. ఎర్ర నక్కలున్న చోట 17 శాతం గూళ్లలోనే గుడ్లు పిల్లలయ్యాయి, కయోటీలు (తోడేలు లాంటి, నక్క కంటే పెద్ద జంతువులు) ఉన్న చోట 32 శాతం. కయోటీ నక్కను దగ్గరకు రానివ్వదు. అది చేసే పని ఏ బోనూ చేయలేదు.

అన్నిటికంటే నన్ను బాధపెట్టేది కాలం. ఈ తోకల సీజన్ వసంతంలో, సరిగ్గా పిల్లల తల్లులు తిరిగే రోజుల్లో. బోనులో పడిన ఆడ రకూన్‌ని తిప్పి చూస్తే పొట్ట మీద బొచ్చు ఊడి, చన్నులు ఉబ్బి కనిపిస్తాయి. అంటే ఎక్కడో చెట్టు తొర్రలో నాలుగైదు పిల్లలు కళ్లు తెరవకుండా ఉన్నాయి. తల్లి రాకపోతే ఆకలితో పోతాయి. ఆ సంగతి ఆ పదేళ్ల పిల్లాడికి ఎవరు చెబుతారు? వాడికి చేతిలో తోక, దాని మీద 10 డాలర్లు కనిపిస్తాయి. కోనసీమ అన్న చెప్పిన యానాది పిల్లలకు అది తిండి. ఇక్కడ తోక కోసి మిగతాది పారేయడమే ఎక్కువ, ఎండలొచ్చాక బొచ్చుకూ ధర ఉండదు.

నల్లమల_రవి

మా ఊరు అడవి అంచున. అడవి పందికని పెట్టిన ఉచ్చులో చిరుత నడుముకు తీగ బిగుసుకుని గింజుకోవడం చూశాను. ఉచ్చుకు కళ్లుండవు. మన దగ్గర 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం బోను పెట్టడమూ వేట కిందకే వస్తుంది. తాత తండ్రుల అలవాటని చెబితే అటవీ శాఖ ఊరుకోదు. అక్కడ అనుమతి ఉంది కదా అని మనం మనసు మార్చుకోవాలా?

నర్సు_అనిత

తప్పొప్పులు మీరు తేల్చుకోండి. పంపితే మాత్రం ఇవి మర్చిపోవద్దు: ఈ ప్రాంతంలో రేబిస్ ఎక్కువగా స్కంక్‌లలోనే ఉంటుంది. రకూన్ పెంటలో ఉండే ఒక రకం నులిపురుగు గుడ్లు కడుపులోకి వెళితే పిల్లల మెదడుకు ప్రమాదం. గ్లవ్స్ లేకుండా బోను, తోక ముట్టుకోనివ్వకండి. చేతులు సబ్బుతో కడిగాకే తిండి. కరిస్తే, గీరితే ఆ రోజే డాక్టర్ దగ్గరకు పరుగెత్తాలి.

సూఫాల్స్_నాన్న

అందరికీ థ్యాంక్స్. శనివారం వెళ్లి చూసొచ్చాను. రవి గారూ, ఆయన తీగ ఉచ్చులు వాడరు. రెండు రకాలున్నాయి. ఒకటి నేలలో గుచ్చిన చిన్న గొట్టం. అడుగున క్యాట్ ఫుడ్, మార్ష్‌మెల్లో వేస్తారు. రకూన్ చెయ్యి లోపల పెట్టి పైకి లాగితేనే పట్టుకుంటుంది, కుక్క మూతి అందులో పట్టదు. రెండోది ప్రాణంతో పట్టే ఇనుప జాలి బోను. స్కూల్ బస్సు రాకముందే రోజూ అన్నీ చూసొస్తారు. 160 ఎకరాల్లో ఒక మూల గడ్డి కూడా వదిలారు. "గడ్డి వదిలాకే బోను పట్టాను" అన్నారు. ఈ డబ్బుతో ఏమీ మిగలదు, పెట్రోలుకే సరి.

కోనసీమ_రైతు

చూశారా లక్ష్మి గారూ! గడ్డి ఉంది, రోజూ చూస్తున్నాడు, ఒకే చోట పడుతున్నాడు. మీరు చెప్పినవన్నీ చేస్తున్నాడు కదా.

ప్రైరీ_లక్ష్మి

అవునండీ, ఆయన మీద నాకు గౌరవం పెరిగింది. అందరూ ఆయనలా ఉంటే నేను ఇంత రాసేదాన్నే కాదు. అయినా పాలిచ్చే తల్లి విషయం అలాగే ఉంది. నన్నడిగితే మీ వాణ్ని చలికాలంలో పంపండి. అప్పటికి పిల్లలు పెద్దవై వాటి బతుకు అవి బతుకుతాయి, బొచ్చు కూడా ఒత్తుగా ఉంటుంది, తోలు పనికొస్తుంది.

కోనసీమ_రైతు

చలికాలంలో చంపితే గూళ్లకు ఏం లాభం? ఏప్రిల్‌కల్లా వేరేవి వచ్చేస్తాయని మీరే అన్నారు.

ప్రైరీ_లక్ష్మి

గూళ్లకు లాభం లేదు, ఒప్పుకుంటాను. అప్పుడు బొచ్చు కోసం పడుతున్నామని పిల్లాడికి ఉన్నదున్నట్టు చెప్పొచ్చు. పక్షుల్ని కాపాడుతున్నామని చెప్పక్కర్లేదు. వసంతంలోనే వెళ్లాలంటే గొట్టాలు వద్దు, జాలి బోనులే పెట్టమనండి. పాలిచ్చే తల్లి అయితే తలుపు ఎత్తి వదిలేయొచ్చు.

సూఫాల్స్_నాన్న

ఇది నాకు తట్టలేదు. రేపు సాయంత్రం తాతగారిని ఇదే అడుగుతాను. వదిలేస్తానంటే మా ఆవిడతో ఇంకోసారి మాట్లాడతాను. కుదరదంటే నవంబరు దాకా ఆగమని బాబుకి చెబుతాను. అప్పుడు నేనూ వెంట వెళ్తాను.