మలబద్ధకానికి రాసిన మాత్రతో తలపోటు, వికారం – ఆపేయాలా, వాడాలా?

వేపచెట్టునీడ (ఖమ్మం):
అందరికీ నమస్కారం. మా అమ్మ గురించి అడుగుతున్నాను. వయసు 68. ఈ మోషన్ సమస్య ఆవిడకి పదేళ్లుగా ఉంది. వారానికి రెండుసార్లు అయితే ఆ వారం బాగున్నట్టు లెక్క. ఇసబ్‌గోల్ వాడాం. లాక్టులోజ్ సిరప్ ఏడాది పైన వాడాం. సిరప్‌తో మోషన్ కొంచెం అయ్యేది కానీ సాయంత్రానికి పొట్ట ఉబ్బిపోయి, రెండు ముద్దలకే కంచం పక్కన పెట్టేసేది. పోయిన వారం వేరే డాక్టర్ గారికి చూపిస్తే ప్రుకాలోప్రైడ్ 2 ఎంజీ, రోజుకొకటి రాశారు.

మొదటి మాత్ర టిఫిన్ అయ్యాక వేసుకుంది. రెండు గంటలు తిరక్కుండానే తలపోటు. మధ్యాహ్నానికి వికారం. చీకటి పడేలోపు ఐదుసార్లు వెళ్లింది, చివరి రెండుసార్లు నీళ్లే. రెండో రోజూ దాదాపు అంతే. మూడో రోజు మాత్ర ఇస్తే నా చెయ్యి తోసేసి “ఈ మందు నాకు పడలేదే, నన్ను వదిలెయ్” అంది. మళ్లీ అపాయింట్‌మెంట్‌కి ఇంకా తొమ్మిది రోజులుంది. బీపీకి ఆమ్లోడిపిన్, రక్తం తక్కువని ఐరన్ మాత్ర కూడా వేసుకుంటోంది. ఈ మందు వాడినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. చాలా టెన్షన్‌గా ఉంది.

గోదారిగట్టు:
నేను ఇదే మాత్ర ఏడు నెలలుగా వాడుతున్నానండీ. నాకు 41. మొదటి రోజు ఆఫీసులో లైట్ల వైపు చూడలేక కళ్లు మూసుకుని కూర్చున్నాను. రెండో రోజు సగం తగ్గింది. నాలుగో రోజుకి తలనొప్పి లేదు, వికారం లేదు. మళ్లీ ఇప్పటిదాకా రాలేదు. మా డాక్టర్ మందు రాసేటప్పుడే “మొదటి రెండు మూడు రోజులు తలనొప్పి, కడుపునొప్పి, విరేచనాలు ఉండొచ్చు, ఎక్కువమందికి తర్వాత వాటంతటవే పోతాయి” అని చెప్పారు. ఆ మాట విననట్టయితే నేనూ రెండో రోజే ఆపేసేవాణ్ణి. అమ్మగారికి ముందుగా ఎవరూ చెప్పి ఉండరు.

అయితే నా వయసు వేరు, ఆవిడ వయసు వేరు. నీళ్ల విరేచనాలు అయ్యాయంటున్నారు కాబట్టి ముందు ఓఆర్ఎస్ తాగించండి. లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నాయేమో చూడండి.

మందులషాపు (గుంటూరు):
22 ఏళ్లుగా మందుల షాపు నడుపుతున్నాను. వేపచెట్టు గారూ, తొమ్మిది రోజులు ఆగొద్దు. రేపు ఉదయమే డాక్టర్ గారికి ఫోన్ చేసి రెండు ప్రశ్నలు అడగండి.

ఒకటి, డోసు. 65 దాటినవాళ్లకి ఈ మందు సాధారణంగా 1 ఎంజీతో మొదలుపెట్టి, చాలకపోతేనే 2 ఎంజీకి వెళ్తారు. అమ్మగారికి నేరుగా 2 పడింది. 1 ఎంజీ మాత్రలు విడిగా దొరుకుతాయి.

రెండు, కిడ్నీ. ఈ మందు చాలావరకు మూత్రంలోనే బయటికి పోతుంది. కిడ్నీ పని బాగా తగ్గినవాళ్లకి రోజుకి 1 ఎంజీ దాటించరు. డయాలసిస్ మీద ఉన్నవాళ్లకి అసలు ఇవ్వరు. క్రియాటినిన్ (కిడ్నీ ఎలా పని చేస్తోందో చెప్పే రక్తపరీక్ష) ఆఖరిసారి ఎప్పుడు చేయించారు? ఆరు నెలలు దాటితే చేయించి, ఆ కాగితం పట్టుకెళ్లండి.

డాక్టర్ గారితో మాట్లాడేదాకా మాత్ర ఆపి ఉంచినా ప్రమాదం లేదు. బీపీ మాత్ర లాగా ఒక్కసారిగా ఆపితే విరుచుకుపడే మందు కాదిది.

ఇంకో మాట. మీరు రాసినదాంట్లో ఐరన్ మాత్ర దగ్గర నా కన్ను ఆగింది. ఐరన్ మలబద్ధకం తెస్తుంది. ఆమ్లోడిపిన్ కూడా కొందరికి తెస్తుంది. ఒక మందు పేగుని కట్టేస్తుంటే, దాన్ని విప్పడానికి ఇంకో మందు వేస్తున్నామేమో. ఇది నేను రోజూ చూస్తాను. నొప్పికి ట్రమడాల్, నిద్రకి అమిట్రిప్టిలిన్, ఎముకలకి కాల్షియం, వాటితోపాటు మోషన్ మందు, నాలుగూ ఒకే చీటీలో ఉంటాయి. అన్ని స్ట్రిప్‌లూ ఒక కవర్లో వేసి డాక్టర్ ముందు పెట్టండి. ఈ మోషన్ మాత్ర తప్ప మిగతావి మాత్రం మీ అంతట మీరు ఏవీ ఆపొద్దు.

వేపచెట్టునీడ:
చాలా థాంక్స్ సార్. ఐరన్ వల్ల కూడా అవుతుందని ఇన్నాళ్లూ మాకు ఎవరూ చెప్పలేదు. క్రియాటినిన్ రెండేళ్ల కిందట చేయించాం. ఇంకో సందేహం. మా పెద్దమ్మ కొడుకు ఫోన్ చేసి ఇలాంటి మందులు గుండెకి ప్రమాదమని, ప్రభుత్వమే నిషేధించిందని అన్నాడు. నిజమా?

మందులషాపు (గుంటూరు):
మీ అన్నయ్య గారు విన్నది వేరే మందుల గురించి. సిసాప్రైడ్ అని ఒకటి ఉండేది. గుండె లయ తప్పించి ప్రాణాల మీదికి తెస్తోందని అమెరికాలో 2000లో మార్కెట్ నుంచి తీసేశారు. టెగాసెరాడ్ అని ఇంకోటి, గుండెపోటు భయంతో 2007లో అక్కడ అమ్మకాలు ఆగాయి. మన దేశంలో రెండింటినీ 2011లో నిషేధించారు. ప్రుకాలోప్రైడ్ కూడా అదే దారిలో, పేగు గోడలో సెరటోనిన్ అనే రసాయనాన్ని అందుకునే గ్రాహకాలను కదిలించి పని చేసేదే. కానీ ఇది ఎక్కువగా ఒకే రకం గ్రాహకం మీద పని చేస్తుంది, పరీక్షల్లో గుండెకి అలాంటి ముప్పు కనబడలేదు. యూరప్‌లో 2009లో, అమెరికాలో 2018లో అనుమతి వచ్చింది. అయినా గుండె జబ్బు ఉన్నవాళ్లు ఆ సంగతి ముందే చెప్పాలి. గుండె దడ వస్తే ఆపి, ఫోన్ చెయ్యాలి.

దీంతో ఒక విషయం మీద కన్నేసి ఉంచాలి. మనసు. అరుదుగా కొందరిలో దిగులు, చనిపోవాలన్న ఆలోచనలు వచ్చాయని మందు కాగితంలోనే హెచ్చరిక ఉంది. అమ్మగారు మామూలు కంటే ముభావంగా ఉన్నా, మాట తీరు మారినా వయసు మీద నెట్టేయకండి, మందు ఆపి వెంటనే డాక్టర్‌కి చెప్పండి.

తాటిముంజ (నెల్లూరు):
నా అనుభవం వేరే మందుతో. నాకు 36. రెండో కాన్పు తర్వాత మొదలైంది. లూబిప్రోస్టోన్ 24 మైక్రోగ్రాములు, పొద్దున ఒకటి, రాత్రి ఒకటి రాశారు. పరగడుపున వేసుకుంటే బాగా పని చేస్తుందని నాకు నేనే అనుకుని అలాగే వేసుకున్నాను. అరగంటలో అచ్చం వేవిళ్లప్పటి వికారం. ఉప్మా వాసన పడేది కాదు. వారం తర్వాత మళ్లీ వెళ్తే, ఇది తిన్నాకే, నిండు గ్లాసు నీళ్లతో వేసుకోవాలని చెప్పారు. పెరుగన్నం తిని వేసుకోవడం మొదలుపెట్టాక వికారం సగానికి పైగా తగ్గింది. ఆ మాట మొదటి రోజే చీటీ మీద రాసి ఉంటే ఆ వారం నేను అంత బాధ పడేదాన్ని కాదు.

మూడో వారంలో ఒక రాత్రి, మాత్ర వేసుకున్న ముప్పావుగంటకి ఛాతీ బిగించినట్టై ఊపిరి పూర్తిగా అందలేదు. ఆటోలో హాస్పిటల్‌కి పరిగెత్తాం. ఈసీజీ నార్మల్. రెండు గంటల్లో సర్దుకుంది. ఈ మందుతో కొందరికి అలా అవుతుందని డాక్టరే చెప్పి ఆపించారు. ఇప్పుడు పీఈజీ (పాలిఎథిలీన్ గ్లైకాల్) పొడి వాడుతున్నాను, 17 గ్రాములు గ్లాసు నీళ్లలో. రుచి లేదు, కొంచెం ఉబ్బరం ఉంటుంది, అంతే. మోషన్ రావడానికి రెండు రోజులు పట్టింది కాబట్టి మొదటి రోజే పని చెయ్యలేదని ఇంకో డోసు వేసుకోకండి.

టెక్సస్‌బాబాయ్:
మేము డాలస్ పక్కన ఉంటాం. నేను లినాక్లోటైడ్ వాడుతున్నాను, మన దగ్గర ఎంతమందికి రాస్తారో గానీ ఇక్కడ బాగా రాస్తారు. తాటిముంజ అమ్మాయి చెప్పినదానికి ఇది పూర్తిగా తలకిందులు. దీన్ని పరగడుపునే, తిండికి కనీసం అరగంట ముందు వేసుకోవాలి. నేను పూరీలు తిన్నాక వేసుకున్నాను. నూనె తిండితో వేసుకుంటే విరేచనాలు మరింత పల్చబడతాయట. ఆ రోజు హైవే మీద కారు మూడుచోట్ల ఆపాను. చెప్పుకోవడానికి కష్టమైన సంగతి, అయినా ఇంకొకరికి జరగకూడదని రాస్తున్నాను. 145 నుంచి 72 మైక్రోగ్రాములకి తగ్గించాక రోజుకొకసారి సాఫీగా అవుతోంది.

ఇంట్లో చిన్నపిల్లలుంటే ఈ సీసా అందకుండా పెట్టండి. రెండేళ్లలోపు పిల్లలకి ఒంట్లో నీరు పోయి ప్రాణాపాయం కావచ్చని దీని మీద గట్టి హెచ్చరిక ఉంది. మా మనవడు వచ్చినప్పుడు నేను పై అరలో పెట్టేస్తాను.

కొండపల్లిబొమ్మ:
లాక్టులోజ్ గురించి నేనొకటి చెప్పాలి. చదివినవాళ్లు దయచేసి ఇంట్లో కూడా చెప్పండి.

మా నాన్నకి 59. లివర్ సిరోసిస్. ఆయన మందుల్లో లాక్టులోజ్ ఉండేది. ఇంట్లో అందరం అది మోషన్ సిరప్ అనే అనుకున్నాం. రోజుకి మూడుసార్లు అవుతోంది, పైగా గ్యాస్, పులితేన్పులు. “మలబద్ధకమే లేని మనిషికి ఇదెందుకు” అని మేమే ఆపేశాం. మొదటి రెండు రోజులు కడుపు తేలికగా ఉందన్నారు. మూడో రోజు పగలంతా నిద్ర. రాత్రి లేచి, చనిపోయిన మా నానమ్మ పేరు పెట్టి పిలిచారు. చేతులు చాపమంటే పిట్ట రెక్కల్లా కొట్టుకుంటున్నాయి. నన్ను చూసి ఎవరమ్మా నువ్వు అన్నారు.

నాలుగు రోజులు ఐసీయూలో ఉన్నారు. లివర్ దెబ్బతిన్నవాళ్లలో అమ్మోనియా లాంటి విషాలు మెదడుకి ఎక్కకుండా బయటికి పంపడానికే ఆ సిరప్ ఇస్తారని, రోజుకి రెండు మూడు మెత్తటి మోషన్లు కావాలనే ఆ డోసు పెడతారని అప్పుడు తెలిసింది. మేము సైడ్ ఎఫెక్ట్ అనుకున్నదే ఆయనకి వైద్యం. ఆ మాట ఎవరూ మాకు చెప్పలేదు, మేమూ అడగలేదు. నాన్న ఇప్పుడు బాగున్నారు. గ్యాస్ ఉంది. భరిస్తున్నారు.

గోదారిగట్టు:
మీరు రాసింది చదివి మా మామయ్యకి ఫోన్ చేశాను. ఆయనకీ లివర్ సమస్యే, ఆ సిరప్పే వాడుతున్నారు. ఎందుకో ఆయనకీ తెలియదు. చెప్పాను.

పల్లెవైద్యం:
ఇంగ్లీషు మందులతో ఇన్ని బాధలు దేనికి? మా ఇంట్లో సునాముఖి చూర్ణం రాత్రిపూట గోరువెచ్చటి నీళ్లతో. ప్రకృతి సిద్ధమైనది, సైడ్ ఎఫెక్ట్ ఉండదు.

నల్లరేగడి (కర్నూలు):
అన్నా, కోపం తెచ్చుకోవద్దు, సునాముఖి చూర్ణం నేను పన్నెండేళ్లు తిన్నాను. మొదట అర చెంచా. తర్వాత చెంచా. ఆఖరికి రెండు చెంచాలు వేసినా కదలిక లేదు. బీపీకి మూత్రం ఎక్కువగా వచ్చే మాత్ర కూడా వేసుకునేవాణ్ణి. రాత్రిళ్లు పిక్కలు పట్టేసి అరుస్తూ లేచేవాణ్ణి. రక్తపరీక్షలో పొటాషియం 2.9 వచ్చింది. ఉండాల్సింది కనీసం 3.5. విరేచనంలో కొంత, మూత్రంలో కొంత పోయిందన్నారు. కొలనోస్కోపీ (పెద్దపేగులోకి కెమెరా పంపి చూసే పరీక్ష) చేస్తే పేగు లోపలి పొర ముదురు గోధుమ రంగులోకి మారి ఉంది. దాన్ని మెలనోసిస్ కోలై అంటారట. క్యాన్సర్ కాదు, చూర్ణం ఆపితే నెలల్లో పోతుందని చెప్పారు గానీ, ఆ ఫోటో చూసిన రాత్రి మా ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు.

పల్లెవైద్యం:
ఇది నాకు తెలియదు తమ్ముడూ. మా నాన్నగారు కూడా నీరు తగ్గే మాత్ర వేసుకుంటారు. పొటాషియం చేయిస్తాను.

మందులషాపు (గుంటూరు):
చేయించండి సార్. సునాముఖి నుంచే ఇంగ్లీషు మందులోనూ సెన్నా మాత్రలు వస్తాయి, మొక్క ఒకటే. అవసరానికి డాక్టర్ చెప్పినట్టు వాడితే మంచి మందే.

నా కౌంటర్ దగ్గర రోజూ చెప్పే మాటలు ఇక్కడా రాస్తాను. బిసాకోడిల్ మాత్ర పాలతో గానీ గ్యాస్ మందుతో గానీ వేసుకోవద్దు. దాని పై పూత కడుపులోనే కరిగిపోయి మెలిపెట్టే నొప్పి వస్తుంది. గంట ఎడం ఉండాలి. మిల్క్ ఆఫ్ మెగ్నీషియా కిడ్నీ జబ్బున్నవాళ్లు సొంతంగా తాగొద్దు, మెగ్నీషియం ఒంట్లో పేరుకుంటుంది. లిక్విడ్ పారాఫిన్ కలిసిన గులాబీ రంగు సిరప్‌లు ఏళ్ల తరబడి తాగేవాళ్లున్నారు. నూనె కాబట్టి లోదుస్తులకు అంటుకుంటుంది, ఎ, డి, ఇ, కె విటమిన్లు ఒంటికి పట్టనివ్వదు. మింగడం కష్టమైన ముసలివాళ్లకి పడుకోబెట్టి పడితే ఊపిరితిత్తుల్లోకి దిగి న్యుమోనియా అవుతుంది. ఇసబ్‌గోల్ తక్కువ నీళ్లతో మింగితే లోపలే గట్టిపడుతుంది.

పొట్ట ఉబ్బి, వాంతులవుతూ, గ్యాస్ కూడా పోకపోతే ఏ విరేచన మందూ వెయ్యకుండా హాస్పిటల్‌కి వెళ్లండి. పేగు అడ్డుపడి ఉండొచ్చు. మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, నడివయసు దాటాక కొత్తగా వచ్చిన మలబద్ధకం, వీటికి మందుకంటే ముందు పరీక్ష కావాలి. వేపచెట్టు గారూ, అమ్మగారికి రక్తం తక్కువన్నారు. ఎందుకు తక్కువో ఎవరైనా చూశారా? అది కూడా అడగండి.

ఏ మందుతోనైనా చెడు జరిగితే 1800-180-3024కి ఫోన్ చేసి చెప్పొచ్చు. ఫార్మకోవిజిలెన్స్ ప్రోగ్రాం ఆఫ్ ఇండియా వాళ్లది, డబ్బు పడదు. మామూలు జనమూ చెయ్యొచ్చు.

వేపచెట్టునీడ:
పద్దెనిమిది రోజుల తర్వాత రాస్తున్నాను, ఆలస్యమైంది. ఫోన్ చేస్తే డాక్టర్ గారు మర్నాడే రమ్మన్నారు. స్ట్రిప్‌లన్నీ కవర్లో పట్టుకెళ్లాను. క్రియాటినిన్ 1.3. ఆయన వయసు, బరువు వేసి లెక్కకట్టి, ప్రుకాలోప్రైడ్ 1 ఎంజీకి మార్చారు. ఐరన్ రోజు విడిచి రోజు చేశారు. బీపీ మాత్ర కదపలేదు. రక్తం ఎందుకు తక్కువో తెలుసుకోవడానికి కొలనోస్కోపీ రాశారు, వచ్చే బుధవారం. నాలుగు వారాల్లో మాత్ర ఫలితం చూసి, చాలకపోతే మళ్లీ ఆలోచిద్దామన్నారు.

మొదటి రెండు రోజులు తలనొప్పి ఉంటుందని ఈసారి అమ్మకి నేనే ముందు చెప్పాను. కొంచెం వచ్చింది, కాఫీ తాగి పడుకుంది. ఇప్పుడు వారానికి నాలుగుసార్లు అవుతోంది, నీళ్లలా కాదు. నిన్న ఆవిడే “మాత్ర ఏదే?” అని అడిగింది.

మందులషాపు (గుంటూరు):
బుధవారం పరీక్షకి ముందు పేగు శుభ్రం కావడానికి తాగే మందు ఎక్కువ నీళ్లతో ఇస్తారు. ఆ రాత్రి అమ్మగారిని బాత్రూమ్‌కి ఒంటరిగా పంపకండి. రిపోర్ట్ వచ్చాక ఒక మాట రాయండి.

వేపచెట్టునీడ:
తప్పకుండా రాస్తాను సార్. ఆ రాత్రి నేను ఆవిడ గదిలోనే పడుకుంటాను.