కట్టెలు చీల్చే యంత్రం: ఎన్ని టన్నులది? పడుకోబెట్టి చీల్చేదా, నిలబెట్టి చీల్చేదా?

కొత్తదొంతి

మిత్రులకు నమస్కారం. ఇన్నాళ్ళూ గొడ్డలితోనూ సమ్మెటతోనూ నెట్టుకొచ్చాను గాని, ఈ ఏడాది నడుము సహకరించడం లేదు కాబట్టి కట్టెలు చీల్చే యంత్రం ఒకటి తీసుకోవాలని నిశ్చయించుకున్నాను. నా దగ్గరున్న దుంగల్లో సగం సరుగుడు, కొంత నీలగిరి, రెండు పెద్ద చింత మొద్దులు. సరుగుడు, నీలగిరి దుంగల అడ్డుకొలత అడుగు లోపే ఉంటుంది గాని చింత మొద్దులు రెండడుగులు దాటాయి. నా సందేహాలు నాలుగు. ఎన్ని టన్నుల బలంతో తోసే యంత్రం సరిపోతుంది? కరెంటుది మంచిదా, పెట్రోలుదా? దుంగను పడుకోబెట్టి చీల్చేది మేలా, నిలబెట్టి చీల్చేది మేలా? పచ్చిగా ఉన్నప్పుడే చీల్చాలా, ఎండనివ్వాలా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

ఒంటిగొడ్డలి

అడుగు లోపు సరుగుడు దుంగకు యంత్రం ఎందుకో నాకు బోధపడలేదు. పాత టైరు ఒకదాన్ని మొద్దు మీద పడుకోబెట్టి, దాని నడుమ దుంగను నిలబెట్టి, మూడున్నర కిలోల గొడ్డలితో కొట్టి చూడండి. పేళ్ళు ఎగిరి పడవు, దెబ్బదెబ్బకూ వంగి ఏరుకోవలసిన పని ఉండదు. నడుము నొప్పిలో సగం ఆ వంగడం వల్ల వచ్చేదే. ఎండకు దుంగ తనంతట తాను ఎక్కడ నెర్రె విచ్చిందో చూసి ఆ గీత వెంట కొట్టాలి. చింత మొద్దులను మాత్రం నడిమికి కొట్టకూడదు, కొడితే గొడ్డలి అక్కడే పాతుకుపోతుంది. అంచుల నుంచి చుట్టూ పొరలు పొరలుగా ఒలుచుకుంటూ రావాలి.

పిస్టన్ పండితుడు

నడుము నొప్పి అని మొరపెట్టుకున్న మనిషికి గొడ్డలి బరువు చెప్పే సలహా ఇది. నేను పదిహేడేళ్ళుగా హైడ్రాలిక్ సిలిండర్లు, అంటే నూనె ఒత్తిడితో పిస్టన్‌ను తోసే గొట్టాలు, విప్పి బిగిస్తున్నవాణ్ణి కాబట్టి నా మాట వినండి. యంత్రం మీద అతికించిన టన్నుల అంకెను చూడనే చూడకండి. సిలిండర్ లోపలి అడ్డుకొలత ఎంత, పంపు ఇచ్చే ఒత్తిడి ఎంత అని అడగండి. ఆ రెండూ తెలిస్తే బలాన్ని మీరే లెక్క కట్టుకోవచ్చు. నాలుగంగుళాల సిలిండర్‌లో పిస్టన్ వైశాల్యం 12.57 చదరపు అంగుళాలు. చదరపు అంగుళానికి 3000 పౌన్ల ఒత్తిడి ఉంటే మొత్తం బలం సుమారు 37,700 పౌన్లు, అంటే వెయ్యి కిలోల టన్నుల్లో 17కు కాస్త పైన. అటువంటి యంత్రానికే 22 టన్నులని స్టిక్కరు అంటించి అమ్ముతున్నారు. అయిదంగుళాల సిలిండర్‌లో అదే ఒత్తిడికి దాదాపు 58,900 పౌన్లు వస్తుంది. ఇంజను పెద్దదైతే బలం పెరుగుతుందని కొందరు అనుకుంటారు, అది శుద్ధ పొరపాటు. బలాన్ని నిర్ణయించేవి సిలిండరూ ఒత్తిడీ. ఇంజను వల్ల పెరిగేది వేగమే.

ఇరవైరెండుటన్నులు

నా పేరు చూశాక కూడా ఆ అంకెను ఎంచుకున్నారంటే కావాలనే అన్నారని భావిస్తున్నాను. నా యంత్రం సిలిండరు నాలుగంగుళాలదే, స్టిక్కరు మీద 22 అనే ఉంది, అందులో అబద్ధమేమీ లేదు. చదరపు అంగుళానికి 3500 పౌన్లు వేసుకుని లెక్క కట్టండి. సుమారు 43,980 పౌన్లు వస్తుంది. రెండు వేల పౌన్లను ఒక టన్నుగా లెక్కించే పద్ధతి ఉన్నదని పదిహేడేళ్ళలో మీకెవరూ చెప్పలేదా? ఆ పద్ధతిలో అది 22 టన్నులే అవుతుంది. నాలుగేళ్ళుగా ఓక్ మొద్దులు చీలుస్తున్నాను, ఒక్కసారి కూడా ఆగిపోలేదు.

పిస్టన్ పండితుడు

రెండు వేల పౌన్ల టన్ను గురించి నాకు చెప్పవలసిన అవసరం లేదు. ఆ 3500 మీకు ఎక్కడ దొరికింది అన్నదే నా ప్రశ్న. పంపు ఓర్చుకోగల గరిష్ఠ ఒత్తిడి వేరు, ఒత్తిడి మితిమీరకుండా నూనెను వెనక్కి వదిలేసే రిలీఫ్ వాల్వు తెరుచుకునే ఒత్తిడి వేరు. వాల్వు 2500 దగ్గర తెరుచుకుంటే పంపు మీద ఎంత రాసి ఉన్నా పిస్టన్‌కు చేరేది 2500 మాత్రమే. స్టిక్కరు రాసేవాడు పంపు కాగితం చూసి రాస్తాడు, నూనెను అడిగి రాయడు.

ఇరవైరెండుటన్నులు

నా యంత్రాన్ని చూడకుండానే వాల్వు ఎంత దగ్గర తెరుచుకుంటుందో చెప్పగలుగుతున్నారంటే మీది పాండిత్యం కాదు, జోస్యం.

నూనెమరక

ఇద్దరూ కాస్త శాంతించండి. ఈ తగాదా నాకు నేను పెట్టుకుని, పోయిన సంవత్సరం వాల్వుకూ సిలిండరుకూ మధ్య ఒత్తిడి కొలిచే మీటరు బిగించి చూశాను. నాది కూడా నాలుగంగుళాలదే, కాగితంలో 3000 అని ఉంది. కదలని ఇనుప దిమ్మెకు ఆనించి తోసినప్పుడు ముల్లు 2500 దగ్గర నిలబడిపోయింది. అంటే 31,400 పౌన్లు, వెయ్యి కిలోల టన్నుల్లో 14 చిల్లర. నిరాశపడ్డాను గాని, ఆ తరువాత రోజంతా మీటరును గమనిస్తూ పని చేస్తే అసలు సంగతి బయటపడింది: ముడులు లేని దుంగలు చాలావరకు వెయ్యి దాటకుండానే చీలిపోయాయి.

మన యంత్రాలలో ఉండే పంపు రెండంచెలది. అడ్డు లేనంతసేపు నూనెను ఎక్కువగా, తక్కువ ఒత్తిడితో తోస్తుంది. ఒత్తిడి సుమారు 650కి చేరగానే ఒక భాగం తప్పుకుని, మిగిలిన భాగం కొద్దిపాటి నూనెను ఎక్కువ ఒత్తిడితో తోస్తుంది. అప్పుడు ఇంజను గొంతు మారడం, పిస్టన్ నెమ్మదించడం మీరూ గమనించే ఉంటారు. రోజులో ఆ గొంతు ఎన్నిసార్లు మారుతుందో లెక్కపెట్టుకుంటే మీకు ఎన్ని టన్నులు కావాలో తెలిసిపోతుంది. నా దుంగలకు పదిలో ఒకటి రెండు సార్లకు మించి మారలేదు. ఎక్కువ టన్నుల కోసం పెద్ద సిలిండరు కొని, పంపు మాత్రం చిన్నదే ఉంచుకుంటే, ఆ సిలిండరు నిండేదాకా చేతులు కట్టుకుని నిలబడవలసి వస్తుంది.

మరొక్క మాట. ఇది చదివి ఎవరూ రిలీఫ్ వాల్వు మర బిగించి ఒత్తిడి పెంచుకోబోకండి. గొట్టాలు, దుంగను మోసే ఇనుప దూలం, అతుకులు అన్నీ పాత ఒత్తిడికే చేసినవి. గొట్టంలో సూది మొనంత చిల్లి పడినా దాన్ని చేత్తో తడిమి వెతకకూడదు. ఆ ఒత్తిడిలో నూనె చర్మాన్ని చీల్చుకుని లోపలికి దూరుతుంది, పైకి చిన్న చుక్కలాగే కనిపిస్తుంది, ఆలస్యం చేస్తే వేలో చేయో తీసివేయవలసి రావచ్చు. యంత్రం ఆపి, ఒత్తిడి దించిన తరువాతే గొట్టం ముట్టుకోవాలి.

నిశ్శబ్దమోటారు

టన్నుల పురాణం ముగిసిందనుకుని చెబుతున్నాను. నాది 1500 వాట్ల కరెంటు యంత్రం, చెప్పుకోవడానికి అయిదు టన్నులే, అయినా అడుగు లోపు సరుగుడును హాయిగా చీలుస్తుంది. పొగ లేదు కాబట్టి పాకలోనే పెట్టుకుని వానలో కూడా పని చేసుకుంటాను. పెట్రోలు ఇంజనును మూసిన పాకలో నడిపితే ప్రాణాలకే ముప్పు. కరెంటు యంత్రానికి శత్రువు పొడవైన సన్నని తీగ. నేను మొదట అటువంటిదే వాడితే మోటారు మూలిగిందే తప్ప తిరగలేదు, తీగ వేడెక్కింది.

నేను చేసిన రెండో తప్పు ఇంకా ఘోరమైనది. చిన్న యంత్రాలకు నూనె తొట్టి దగ్గర గాలి వదిలే మర ఒకటి ఉంటుంది. పనికి ముందు దాన్ని రెండు మూడు చుట్లు వదులు చేయాలి, యంత్రాన్ని తరలించేటప్పుడు బిగించాలి. అది మరిచి రెండు గంటలు నడిపేసరికి లోపల గాలి బిగిసి, నూనె కారకుండా ఆపే సీళ్ళు పోయాయి, నూనెంతా నేలపాలయింది.

ఇప్పుడు సుఖంగానే ఉన్నాను. రెండు చేతులతో రెండు మీటలూ నొక్కితే గాని కదలదన్న విసుగు ఒకటి ఉండేది గాని, ఒక మీటను రబ్బరు పట్టీతో కట్టేశాక ఆ బాధ కూడా తీరింది. ఒక చేత్తో దుంగను పట్టుకుని, ఇంకో చేత్తో నొక్కుకోవచ్చు.

పాతరంపం

పై ఆఖరి రెండు వాక్యాలను దయచేసి తొలగించండి. నా ఎడమ చేతి చూపుడు వేలికి కొస లేదు. నేను దుంగను సరిచేస్తూ ఉంటే మా బావమరిది మీట లాగాడు; నేను “ఊఁ” అన్నది దగ్గు వచ్చి, అతను విన్నది అనుమతిగా. పిస్టన్ నెమ్మదిగా వస్తుంది కదా, చేయి తీసేయవచ్చులే అనుకుంటాం. అది నెమ్మదిగా వచ్చినా ఆగదు. రెండో మీట ఉన్నది మీ రెండో చేతిని ఆ చోటు నుంచి తప్పించడానికే. చీల్చే యంత్రాల భద్రతకు ఐరోపాలో ఉన్న ఈఎన్ 609-1 ప్రమాణంలో రెండు చేతుల మీటల సంగతి ఊరికే రాలేదు.

నిశ్శబ్దమోటారు

మీకు జరిగినదానికి విచారిస్తున్నాను, కాని మీ ప్రమాదం ఇద్దరు కలిసి పని చేయడం వల్ల జరిగింది. నేను ఒక్కణ్ణే చేస్తాను. నా చేయి ఎక్కడున్నదో నాకు తెలియదా?

పాతరంపం

నాకూ తెలుసుననే అనుకున్నాను. దుంగను చేత్తో పట్టుకోవలసి వస్తున్నదంటే దాని కొసలు వంకరగా కోశారని అర్థం. రంపంతో కోసేటప్పుడే కొసలను చదునుగా, దుంగకు అడ్డంగా కోస్తే అది తనంతట తాను కుదురుగా కూర్చుంటుంది. వంకర కొస ఉన్న దుంగ ఒత్తిడి పడగానే పక్కకు తన్నుకుంటుంది, మీ చేయి పట్టుకున్నా ఆగదు. ఇక పట్టీ విషయంలో మీతో వాదించను.

ఒంటిగొడ్డలి

గొడ్డలికి మీట ఉండదు, రిలీఫ్ వాల్వు ఉండదు, గాలి మర ఉండదు.

పాతరంపం

కాలి మడమ ఉంటుంది.

చేవ

నాలుగో ప్రశ్నను అందరూ దాటేశారు కాబట్టి నేను అందుకుంటున్నాను. నీలగిరిని పచ్చిగా ఉన్నప్పుడే చీల్చండి. ఎండితే అది రాయిలా బిగుసుకుంటుంది. దాని నార మెలి తిరిగి ఉండటం వల్ల పేడు తిన్నగా విడిపోక, తాడులా అంటుకుని వేలాడుతుంది. నేను ఒక నీలగిరి కుప్పను ఏడాదిపాటు దుంగలుగానే వదిలేసి, తరువాత చీల్చబోయి, దుంగలోకి దిగి చీల్చే ఇనుప మొన అయిన వెడ్జ్‌ను వంచుకున్నాను. పైగా దుంగగా ఉన్నంతకాలం బెరడు తేమను బయటికి పోనివ్వదు, చీల్చిన ముఖం నుంచే తేమ త్వరగా పోతుంది. కాబట్టి ఏ కట్టెనైనా ముందు చీల్చి, తరువాత గాలి ఆడేలా దొంతి పెట్టి, పైభాగం మాత్రమే కప్పండి. నాలుగు పక్కలా కప్పిన దొంతి బూజు పట్టడం నేను కళ్ళారా చూశాను.

పొయ్యిలో పెట్టేనాటికి తేమ 20 శాతానికి లోపు ఉండాలి. లేకపోతే వేడిలో కొంత ఆ నీటిని ఆవిరి చేయడానికే ఖర్చయిపోయి, పొగగొట్టంలో తారు పేరుకుంటుంది. తేమ మీటరును పేడు కొసన గుచ్చి సంతోషించేవారు చాలామంది ఉన్నారు, కొస ఎప్పుడూ ముందే ఎండుతుంది. పేడును మళ్ళీ నిలువునా చీల్చి, కొత్త ముఖం నడుమ గుచ్చి చూడాలి.

పిస్టన్ పండితుడు

వెడ్జ్ వంగిందంటే అది ఉక్కు నాణ్యత లోపం, నీలగిరి తప్పు కాదు. సిలిండరు అడ్డుకొలత ఎంత?

చేవ

అడ్డుకొలత అడుగుతారని తెలిసే చెప్పలేదు.

కొత్తదొంతి

ఇంత శ్రమ తీసుకున్నందుకు అందరికీ కృతజ్ఞతలు. అయితే నిలబెట్టడమా, పడుకోబెట్టడమా అన్న ప్రశ్నకు ఇంతవరకు ఒక్కరూ జవాబు ఇవ్వలేదని మనవి. నా నడుముకు సంబంధించిన ప్రశ్న అదే.

నూనెమరక

క్షమించండి, మీటరు ధ్యాసలో పడిపోయాను. రెండడుగుల పచ్చి చింత మొద్దును నడుము ఎత్తుకు ఎత్తే పని పెట్టుకోకండి. దానికి నిలబెట్టి చీల్చే యంత్రమే శరణ్యం. మొద్దును దొర్లించుకుంటూ వచ్చి యంత్రం అడుగున ఉన్న పలక మీదికి నెట్టితే చాలు. చిన్న దుంగలకు మాత్రం అదే పద్ధతి శిక్ష అవుతుంది, ఎందుకంటే రోజంతా నేలకు వంగి పని చేయాలి. నేను తక్కువ ఎత్తు పీట మీద కూర్చుని చేస్తాను, అయినా సాయంత్రానికి మోకాళ్ళు పట్టేస్తాయి. దూలాన్ని రెండు విధాలా తిప్పుకోగలిగే పెట్రోలు యంత్రాలు ఉన్నాయి. మీకున్నవి రెండే పెద్ద మొద్దులు కాబట్టి, వాటిని రంపంతో ముందే నాలుగు ముక్కలు చేసుకుని, మిగతా అంతటికీ పడుకోబెట్టే చిన్న యంత్రం తీసుకున్నా తప్పు లేదు. పక్కన నడుము ఎత్తున ఒక బల్ల వేసుకుని, ముందుగా దుంగలను దాని మీదికి చేర్చుకుంటే సగం వంగడం తప్పుతుంది.

ఇరవైరెండుటన్నులు

నాది రెండు విధాలా తిరుగుతుంది. ఇవాళ నేనూ మీటరు బిగించి చూశాను. అంకె ఇక్కడ చెప్పదలచుకోలేదు.

పిస్టన్ పండితుడు

అవసరం లేదు, నాకు అర్థమైంది.

నిశ్శబ్దమోటారు

దుంగ కొసలను చదునుగా కోసి చూశాను, చేత్తో పట్టుకోకుండానే నిలిచింది. పట్టీని ప్రస్తుతానికి విప్పాను. చీలకుండా వెడ్జ్‌కు పట్టుకుపోయిన దుంగను ఎలా తీయాలో ఎవరైనా చెప్పండి. సమ్మెటతో కొడితే వదలడం లేదు.

పాతరంపం

కొట్టకండి. ముందు మోటారు ఆపి, తీగ ఊడదీయండి. తరువాత దుంగ కింద చెక్క చీల ఒకటి పెట్టి, పక్కల నుంచి కొంచెం కొంచెంగా లేపండి. వచ్చాక అదే చోట మళ్ళీ ప్రయత్నించకుండా, దుంగను తిప్పి ముడి లేని పక్క నుంచి, అంచుకు దగ్గరగా పెట్టండి.